చలికాలపు ఉడుపు: ఇంటిల్లిపాదికి

(ఒక పఠన మందిరమున చేసిన ప్రసంగ పాఠము)



మార్గశిరము ప్రవేశించినది. మాట్లాడుటకు పొద్దు చాలని మాసమని మన పెద్దలు దీనిని గూర్చి చెప్పుకొనెడివారు. కావున దీర్ఘోపన్యాసమునకు పూనుకొనక, మాకు తోచిన నాలుగు మాటలు చెప్పి విరమింతుము. దేశమును గూర్చియో సాహిత్యమును గూర్చియో గంభీరమైన ప్రసంగము వినగోరి మీలో పలువురు వచ్చియుందురు. మేము చెప్పబోవునది కంబళిని గూర్చి, కుళ్లాయిని గూర్చి, మేజోళ్లను గూర్చి. ఇది ఆడవారు అంగడిలో తేల్చుకొనవలసిన స్వల్ప విషయమని నవ్వుకొనకుడు. ఒక యింటి ధర్మమెట్టిదో తెలిసికొనగోరువారు ఆ యింటి చలికాలపు మూట విప్పి చూచిన చాలును. ఎవరికి ఏమి కొన్నారు, ఎవరికి ఏమియు కొనలేదు అను లెక్క అందు స్పష్టముగ కనబడును.

దృష్టాంతమునకు పరుల యింటికి పోనేల? మా యింటి సంగతియే చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఆదిలాబాదు ప్రాంతమున నివసించుచుంటిమి. చలి తగిలినది మొదలు, కళాశాలలో చదువుచున్న మా కుమారుడు నల్లని జాకెట్టొకటి కావలెనని పట్టుపట్టెను. ఫోను తెరమీద బొమ్మ చూపెను. తోడివారందరును అట్టిదే తొడుగుచున్నారట. నాలుగువేల రూపాయలు పోసి కొంటిమి. చిన్న కుమార్తెకు కుందేలు చెవులు గల కుళ్లాయి కొంటిమి. మాకును ఒక స్వెట్టరు కొనుకొంటిమి. మా తల్లిగారిని అడుగగా, “నాకెందుకురా నాయనా, శివరాత్రికి శివశివా అని పోయే చలికి! నా దుప్పటి నాకుంది” అని ఆమె సెలవిచ్చెను. మేము ఆ మాట పట్టుకొని ఊరకుంటిమి. నిజము చెప్పవలెనన్న, ఆ మాట మాకు సుఖముగనే తోచెను.

పుష్యమాసమున ఒకనాటి వేకువను ఆమె లేవలేదు. చేతులు చల్లబడియుండెను. మాట తడబడుచుండెను. ఆసుపత్రికి కొనిపోగా, ఒంటి వేడి 34 డిగ్రీలకు దిగినదని వైద్యుడు చెప్పెను. మనుష్య దేహమునకు సహజమైన వేడి 37 డిగ్రీలు. 35కు దిగినచో అది అపాయము. “వయసు మీరినవారికి చలి సరిగా తెలియదు, వణుకును సరిగా రాదు. వారు చెప్పుదురని ఎదురు చూడకుడు, మీరే కనిపెట్టవలెను” అని ఆయన మందలించెను. దైవానుగ్రహమున ఆమె కోలుకొన్నది. ఇంటికి వచ్చి ఆ దుప్పటిని చేతిలోనికి తీసికొని చూచితిమి. ఇరువది యేండ్లు ఉతికి ఉతికి వలవలె పలుచబడిన నూలు దుప్పటి అది. గోడకు వ్రేలాడుచున్న నాలుగువేల జాకెట్టును మా కుమారుడు ఆ నెలలో మూడుమారులు మాత్రమే తొడిగియుండెను.

నాటినుండి మేమొక నియమము పెట్టుకొంటిమి. అంగడికి పోవుటకు ముందు ఇంటివారి పేర్లన్నియు ఒక కాగితముపై వ్రాయవలెను. అడిగినవారి పేరు ముందు వ్రాయు అలవాటు మాని, చలి ఎవరిని ముందు తాకునో వారి పేరు ముందు వ్రాయవలెను. పసిబిడ్డ మొదటిది. ముదుసలి రెండవది. వేకువకు ముందు లేచి వాకిలి ఊడ్చు ఇల్లాలు, పాలకై పోవు పిల్లవాడు, మోటారు సైకిలుపై పనికి పోవువాడు ఆ తరువాత. ఇంట పనిచేయ వచ్చు మనిషి పేరును ఆ కాగితముననే ఉండవలెను. సొంపును గూర్చిన ఆలోచన ఈ పట్టిక పూర్తియైన పిమ్మట చేయవచ్చును. సొంపు వలదని మేమనము. దానికిని వత్తుము.

మొదట వెచ్చదనమనగా నేమో తెలిసికొందము. ఏ బట్టయు తనంతట వేడిని పుట్టించదు. వేడి పుట్టునది మన దేహమున. బట్ట చేయు పని, ఆ వేడిని పోనీయక నిలుపుట. నిలుపునదియు నిజమునకు దారము కాదు, దారముల నడుమ చిక్కి కదలక నిలిచిన గాలి. కదలని గాలి వేడిని మిక్కిలి మందముగ ప్రసరింపజేయును. ఉన్ని దారము సహజముగ వంకరలు తిరిగియుండుటచేత తన నడుమ గాలిని మెండుగ పట్టియుంచును. అందుచేతనే అది వెచ్చన. ఈ ఒక్క సూత్రము తెలిసినచో దుకాణదారుని మాటలతో మనకంతగా పనిలేదు. మిక్కిలి బిగువుగ ఉన్న స్వెట్టరు గాలిని నొక్కివేయును, కావున చలి ఆపదు. బిగువైన మేజోడు రక్త ప్రసారమును కూడ అడ్డును. ఒక దళసరి బట్టకంటె రెండు పలుచని బట్టలు మేలు, ఏలయనగా వాని నడుమ మరియొక గాలిపొర దొరకును. ఎండ ఎక్కినపుడు ఒకటి విడిచివేయవచ్చును.

ఉన్నికి మరియొక గుణము కలదు. తన బరువులో మూడవ వంతు వరకు తేమను ఆవిరి రూపమున పీల్చుకొనియు అది తడిసినట్లు తోచదు. నూలు అట్లు కాదు. చెమటకో మంచుకో తడిసినచో ఒంటికి అంటుకొని వేడిని లాగివేయును. కావున నూలు బట్ట లోపల మృదువుగ ఉండుటకు మంచిదే కాని, తడిసిన వెంటనే మార్చవలెను. ఇక గాలి వీచుచోట ఎంత మంచి ఉన్నియైనను చాలదు. అల్లిక సందులనుండి గాలి దూరి వెచ్చని పొరను ఎత్తుకొనిపోవును. మోటారు సైకిలుపై పోవువానికి స్వెట్టరుపై గాలి చొరని పలుచని పైతొడుగు అవసరము. లోపల మెత్తని నూలు, నడుమ ఉన్ని, పైన గాలి నాపు బట్ట. వరుస ఇది.

ఈ మూడును అందరికిని అన్నిచోటుల కావలెనా? అక్కరలేదు. మన దేశమున మైదానములందు రాత్రి వేడిమి 10 డిగ్రీలకు దిగి, వాడుకకంటె మిక్కిలి తక్కువైనపుడు వాతావరణ శాఖవారు శీతల వాయువులని ప్రకటింతురు. కృష్ణా గోదావరి తీరములందు అట్టి దినములు అరుదు. అచ్చటివారికి నూలు బట్టపై ఒక పలుచని ఉన్ని స్వెట్టరు, వేకువను తలకొక గుడ్డ చాలును. ఉత్తరాది హిమమునకు కుట్టిన బొద్దు కోటును బెజవాడలో తొడుగుట కేవలము చెమటకు మూలము. ఆదిలాబాదు, అరకు లోయ, చింతపల్లి సీమల సంగతి వేరు. సముద్ర మట్టమునకు సుమారు వేయి మీటర్ల ఎత్తున నున్న లంబసింగికి స్థానికులు కొర్రబయలు అను పేరు చెప్పుదురు. బయట నిలిచినవాడు కొయ్యవలె బిగిసిపోవునని దాని భావమట. నేడు వేలకొలది పట్టణవాసులు మంచు చూచుటకై అచ్చటికి పసిబిడ్డలను చంకబెట్టుకొని, ముంజేతుల చొక్కాలతో పోవుచున్నారు. మంచు చూచి ఆనందింపవలసినదే. కాని బిడ్డకు కుళ్లాయి, మేజోళ్లు, రెండు పొరలు లేనిదే బయలుదేరకుడు.

మరి ఏది కొనవలెను? మన పట్టణములలో చలికాలము రాగానే టిబెట్టు సోదరులు వీధి ప్రక్కన అంగళ్లు తెరతురు. వారు అమ్మునవన్నియు హిమాలయములలో చేత అల్లినవని మనవారి భ్రమ. పెక్కు సరకు లూధియానా మిల్లులలో తయారైనదే. అందులో దోషమేమియు లేదు. లూధియానా మన దేశమున ఉన్ని అల్లికలకు ప్రధాన స్థానము. అయితే స్వెట్టరుగ కనబడునదంతయు ఉన్ని కాదు. ఎక్రిలిక్కు అను కృత్రిమపు నార పెట్రోలియమునుండి పుట్టినది. అది చవుక, తేలిక, రంగు చక్కగ పట్టును, పురుగు పట్టదు. బీదవానికి అది ఉపకారమే. కాని ఉన్ని ధర యిచ్చి ఎక్రిలిక్కు కొనుట తెలివి కాదు. లోపలి చీటీ చదువుడు. ఎంత పాలు ఉన్నియో అందు వ్రాసియుండును. 1964 నుండి వాడుకలో నున్న ఉల్‌మార్కు ముద్ర స్వచ్ఛమైన ఉన్నికి గురుతు. సందేహమున్నచో అంచుననున్న పోగొకటి తీసి, చిమటాతో పట్టి, నీటి గిన్నెపై కాల్చి చూడుడు. ఉన్నియైనచో కాలిన వెంట్రుక వాసన వచ్చి, బూడిద వ్రేళ్ల నడుమ పొడియగును. కృత్రిమమైనచో కరగి గట్టి పూసయగును.

పష్మీనాను గూర్చి ఒక్కమాట. అది లడఖులోని చాంగ్‌థాంగ్ ఎత్తులందు మేయు మేకల లోపలి నూగునుండి వచ్చును. కాశ్మీరు పష్మీనాకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. నాలుగు వందల రూపాయలకు పష్మీనాయని చెప్పి ఇచ్చునది పష్మీనా కాదు. ఉంగరములో దూర్చి చూపినంత మాత్రమున నమ్మకుడు, పలుచని పట్టు బట్ట కూడ ఉంగరములో దూరును. షాతూష్ అను శాలువను ఎంత చవుకగ వచ్చినను ముట్టకుడు. దానికై చిరు అను వన్యమృగమును చంపుదురు. దాని విక్రయము చట్టరీత్యా నేరము.

దూరదేశముల మేకలను పొగడి, మన గడపలోని గొర్రెను మరచుట న్యాయమా? తెలంగాణమున కురుమలు దక్కను గొర్రెల నల్లని ఉన్నిని చేత వడికి, చింతగింజల గంజి పట్టించి, మగ్గముపై నేయు గొంగడిని మీరెరుగుదురు. చలికి కప్పుకొనుటకు, వానకు ముసుగు వేసికొనుటకు, నేలపై పరచుకొనుటకు ఒక్కటే సాధనము. రైతునకు, గొల్లవానికి అది ఇల్లువంటిది. గరుకుగ నుండునని పట్టణవాసి దానిని విడిచెను. నిజమే, అది ఒంటికి గుచ్చుకొనును. కాని నూలు దుప్పటి కప్పుకొని దానిపై గొంగడి వేసికొన్నచో గుచ్చుకొనదు, వెచ్చదనమున దానికి సాటి చవుక కంబళి మా అనుభవమున కనబడలేదు. గొంగడిలో తినుచు వెంట్రుకలు ఏరినట్లు దాని గరుకుదనమును లెక్కించుచు కూర్చుండుట మనకు తగదు. నేడు మాంసమునకై ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు విస్తరించినవి. కత్తిరించిన దక్కను ఉన్నిని కొనువారు లేక పారబోయుచున్న తావులు కలవు. వడుకు స్త్రీలు, నేయు వృద్ధులు తగ్గిపోవుచున్నారు. ఇంటికొక గొంగడి కొన్నచో మన ముదుసలికి వెచ్చన, ఆ నేతకానికి అన్నము. ఇంతకంటె సులభమైన దేశసేవ మాకు తెలియదు.

ఇక సొంపు మాట. చలి బట్టలో మనిషి మూటవలె కనబడవలసిన అగత్యము లేదు. భుజముల కుట్టు భుజము చివరకు సరిపోవలెను. చేతులు మణికట్టు దాటరాదు. చీరపై వేసికొను స్వెట్టరు నడుముదాక వచ్చి ఆగినచో కుచ్చెళ్లు చెదరవు. పూల చీరకు వట్టి రంగు శాలువ, వట్టి చీరకు అంచుగల శాలువ ఒప్పును. ఒంటిపై ఒక్క వస్తువే పలురంగులది కావలెను, మిగిలినవి దానికి లొంగియుండవలెను. చింతపిక్క రంగు, గంధపు రంగు, ముదురు నీలము పదియేండ్లైనను పాతబడవు. పిల్లలకు మాత్రము తెలుపో పసుపో వంటి వెలుగు రంగులు కొనుడు. పొగమంచులో బడికి పోవు బిడ్డ దూరమునుండి లారీవానికి కనబడవలెను. మా కుమారుని నల్ల జాకెట్టులో మాకిప్పుడు తోచు లోపమిది. సొంపునకు మూలము ధరించువాని నిబ్బరమే. 1931లో మహాత్ముడు రెండవ రౌండు టేబులు సభకై లండనునకు పోయి, ఆ దేశపు చలికాలమున కొల్లాయితో, శాలువతో తిరిగెను. రాజభవనమునకును ఆ వేషముననే పోయెను. నవ్వవచ్చినవారి నవ్వులు నేడెవరికిని జ్ఞాపకము లేవు, ఆ శాలువ జ్ఞాపకమున్నది.

వృద్ధులకు తలమీదుగా తొడుగు స్వెట్టరు కొనకుడు. కీళ్లు పట్టినవారు చేతులెత్తలేరు. ముందు తెరచుకొనునది, పెద్ద బొత్తాలు గలది మేలు. మేజోళ్లు అడుగున పట్టుగలవి కావలెను. నున్నని మేజోళ్లతో గచ్చుపై జారి తుంటి విరిగినచో, చలి చేయని కీడు మేజోడు చేయును. పసిబిడ్డలకు తల ప్రధానము. పెద్దవారి దేహమున తల పాలు పదింట ఒకటి, శిశువునకు ఇంచుమించు అయిదింట ఒకటి. బిడ్డకు చలి వేయుచున్నదో లేదో ఇట్లు తెలిసికొనుడు. పొట్ట, పాదములు రెండును వెచ్చనైనచో క్షేమము. పొట్ట వెచ్చన, పాదములు చల్లనైనచో చలి తగులుచున్నది. రెండును చల్లనైనచో ప్రమాదము. అప్పుడు బిడ్డను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు హత్తుకొని, పైన కప్పి, వైద్యుని యొద్దకు పోవలెను. ముఖముపై దుప్పటి కప్పి నిద్రపుచ్చుట కూడదు.

మన బిడ్డలు పలువురు నేడు అమెరికాకు చదువులకై పోవుచున్నారు. 2019 జనవరి 30వ తేదీన చికాగోలో శూన్యమునకు దిగువ 30 డిగ్రీలు దాటిన చలి నమోదైనది. అట్టి చోటికి ఇచ్చటి స్వెట్టరు నాలుగు పెట్టెల నిండ సర్దిపంపుట వ్యర్థము. లోపల ధరించు ఉన్ని బనియనులు, మంచి మేజోళ్లు ఇచ్చటనుండి పంపుడు. బరువు కోటును, మంచు బూట్లను ఆ చలి నెరిగిన అచ్చటి అంగడిలోనే కొనుకొనుమనుడు. వ్రేళ్లు విడివిడిగ నున్న చేతి తొడుగుకంటె వ్రేళ్లన్నియు ఒక్కచోట నుండు సంచివంటి తొడుగు వెచ్చన. అచ్చట చెవులు, వ్రేళ్లు మొద్దుబారినచో అశ్రద్ధ చేయరాదని తల్లిదండ్రులు ఒకమారు ఫోనులో చెప్పుట మంచిది.

మాఘమాసపు చలి మంటలో పడ్డను తీరదని సామెత. కాని మంటలో పడువారు నిజముగనే ఉన్నారు. భోగినాడు వేకువను పిల్లలు మంటచుట్టు మూగుదురు. ఉన్ని తేలికగ అంటుకొనదు. కృత్రిమపు బట్ట కరగి చర్మమునకు అతుకుకొనును. భోగి మంటయొద్దకు పోవు పిల్లలకు వ్రేలాడు కొంగులు, నైలాను జాకెట్లు తీసివేయుడు. ప్రక్కన నీళ్ల బిందె ఉంచుడు. కాలినచో ఇరువది నిమిషములు చల్లని నీరు పోయుటయే మొదటి చికిత్స. సిరా, పళ్లపొడి రాయరాదు. అట్లే బొగ్గుల కుంపటిని గదిలో పెట్టి తలుపులు మూసి నిద్రించుట మృత్యువును పిలుచుట. బొగ్గునుండి పుట్టు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము పోవును. ఒక కంబళి కొనలేక కుంపటి పెట్టుకొన్న ఇంటికి కంబళి యిచ్చుట మనపై నున్న ఋణము. మోటారు సైకిలుపై మెడగుడ్డ, పైట కొనలు చక్రములో చిక్కకుండ దోపుకొనుట కూడ మరువకుడు.

శివరాత్రి గడచిన పిమ్మట ఉన్ని బట్టలను చల్లని నీట మెత్తని సబ్బుతో ఉతికి, పిండక, తువ్వాలులో చుట్టి నీరు దిగనిచ్చి, నీడలో పరచి ఆరవేయుడు. ఎండిన వేపాకు వేసి దాచుట మన వాడుక. కలరా ఉండలు వేసి దాచిన బట్టలను పసిబిడ్డకు తిన్నగ తొడుగరాదు. కొందరు శిశువులకు పుట్టుకతోనే ఎర్ర రక్తకణములందు జీ-6-పీడీ అను పదార్థము కొరవడును. అట్టివారికి ఆ ఉండల ఆవిరి సోకినచో రక్తకణములు చితికి తీవ్రమైన కామెర్లు వచ్చును. బిడ్డ బట్టల మూటలో వానిని వేయకుండుటయే ఉత్తమము.

మహాశయులారా, మా ప్రసంగము ముగియవచ్చినది. ఈ సభ కాగానే కార్యదర్శిగారు మా భుజములపై శాలువ కప్పుదురని ఎరుగుదుము. బల్లమీద దానిని చూచితిమి. పూర్వము పండితులకు సంస్థానములలో కప్పిన శాలువలు చలిని ఆపెడివి. నేటి సభలలో కప్పునది మెరయు కృత్రిమపు బట్ట. అది చలి నాపదు, ఉతికిన నిలువదు. మా యింట అట్టివి పదునేడు కలవు. అన్నియు కలిపి కప్పుకొన్నను మా తల్లిగారికి ఒక్క గొంగడి పాటి కావు. కావున ఒక మనవి. ఇకమీదట ఈ మందిరమున ఏ వక్తకును శాలువ వలదు. ఆ సొమ్ముతో గొంగడులు కొనుడు, వక్త చేతులమీదుగ లేనివారికి ఇప్పించుడు. మొదటిది ఎవరికని వెదకనక్కరలేదు. ఈ మందిరమునకు రాత్రులందు కావలియుండు పెద్దాయన వాకిట మెట్టుమీద కూర్చుండియున్నాడు. లోనికి వచ్చునపుడు ఆయన భుజముపై ఒక తువ్వాలు మాత్రమే చూచితిమి. మనమందరము ఇండ్లకు పోవుదుము. ఆయన తెల్లవారువరకు అచ్చటనే యుండును.